అప్‌డేట్: స్టీల్స్ ఆటగాణ్ణి ఇచ్చి హోమ్‌రన్ హిట్టర్‌ని తీసుకున్నాక ఏమైందంటే

మా ఆఫీసు ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వాళ్ల గణాంకాలతో పోటీపడే ఆట) స్టీల్స్, అంటే బేస్‌లు బాగా దొంగిలించే నా ఆటగాణ్ణి ఇచ్చి హోమ్‌రన్ హిట్టర్‌ని తీసుకునే ట్రేడ్‌కి ఒప్పుకోవచ్చా అని జూన్‌లో అడిగాను. ఒప్పుకున్నాను, సీజన్ కూడా అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ఆటగాళ్ల ర్యాంకులు పక్కన పెట్టి కేటగిరీల పట్టిక చూడండి" అన్న సలహానే పనికొచ్చింది. మాది 12 జట్ల రోటో లీగ్, అంటే స్టీల్స్, హోమ్‌రన్లు లాంటి ఒక్కో కేటగిరీలో జట్టు ర్యాంకును బట్టి పాయింట్లు. ఒక్కో కేటగిరీలో మొదటి జట్టుకు 12 పాయింట్లు, చివరి జట్టుకు 1. స్టీల్స్‌లో రెండో జట్టు నాకు చాలా వెనక ఉంది. ఇంకో ముప్పై బేస్‌లు దొంగిలించినా ఆ 12 కాస్తా 13 అవ్వదు. హోమ్‌రన్లలో మాత్రం నా పైనున్న నాలుగు జట్లూ అయిదారు హోమ్‌రన్ల తేడాలోనే కిక్కిరిసి ఉన్నాయి. ట్రేడ్ తర్వాత వాటన్నిటినీ దాటేశాను. ఆర్‌బీఐలోనూ (బ్యాటర్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు) రెండు పాయింట్లు కలిశాయి. స్టీల్స్‌లో పోయింది ఒక్కటే. ఏడో స్థానం నుంచి మూడుకి వచ్చాం, భలే సంతోషంగా ఉంది!

ఆటగాళ్ల విలువలు పోల్చే ట్రేడ్ కాలిక్యులేటర్ నాకు నష్టమని చూపించింది కానీ, దానికి నా పట్టిక తెలియదుగా. "స్టీల్స్ మళ్లీ దొరకవు" అన్న టెన్షన్ కూడా అక్కర్లేకపోయింది. 2023లో బేస్‌లు పెద్దవి చేసి, పికాఫ్‌లకు (బేస్ మీదున్న రన్నర్‌ని అవుట్ చేయడానికి పిచ్చర్ విసిరే త్రోలు) పరిమితి పెట్టాక మేజర్ లీగ్‌లో స్టీల్స్ 2,486 నుంచి 3,503కి పెరిగాయి. వేవర్స్‌లోనే (మా లీగ్‌లో ఏ జట్టులోనూ లేని ఆటగాళ్ల జాబితా) ఒకరు దొరికారు.

మీది పాయింట్స్ లీగ్ అయితే ఈ లెక్క పనిచేయదు. అక్కడ ప్రతి స్టీల్‌కీ పాయింట్లొస్తాయి.