అప్‌డేట్: పాత నగరం వదిలి ఊరి చివర కాలనీకి మారాం

చారిత్రక నగరం నడిబొడ్డున ఇరుకింట్లో ఉండలేక, ఊరి చివర ప్రశాంతమైన కాలనీకి వెళ్లొచ్చా అని ఆ మధ్య అడిగాను కదా. మారిపోయాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"పగలు కాదు, రాత్రి పూట వెళ్లి చూడండి" అన్నవాళ్లకి మరీ మరీ. వెళ్లాం. వీధి దీపాలు బాగానే వెలుగుతున్నాయి గానీ, ఆఖరి బస్సు మేమనుకున్నదానికంటే చాలా ముందే వెళ్లిపోతోంది. అందుకే అద్దె కాస్త ఎక్కువైనా స్టాప్‌కి నడిచి వెళ్లగలిగే ఇల్లే తీసుకున్నాం.

నిశ్శబ్దం సంగతంటారా, మొదట్లో నిద్రే పట్టలేదు! చుట్టూ రొద లేకపోతే పక్కింటి గేటు గడియ, నిండిన ట్యాంకు నుంచి కారే నీళ్లు, ఎక్కడో మొరిగే కుక్క, అన్నీ చెవి దగ్గరే వినిపిస్తాయి. ఇప్పుడు అలవాటైంది.

ఎదురుగా అపార్ట్‌మెంట్లు లేస్తే ఎలా అని ఒకరు అడిగారు. మా పాత నగరంలాంటి యునెస్కో వారసత్వ స్థలాలు చాలావాటి చుట్టూ బఫర్ జోన్, అంటే వాటి రక్షణ కోసం గీత గీసి పెట్టిన ప్రాంతం ఉంటుంది, అందులో కట్టడాల ఎత్తు మీద ఆంక్షలు పెడుతుంటారు. మా కొత్త వీధి ఆ గీతకి బయట ఉంది. అంటే ఎదుటి ఖాళీ స్థలంలో రేపు ఏదైనా లేవొచ్చు. గీత లోపలైతే ఇంటి ముందు భాగంలో చిన్న మార్పుకి కూడా అనుమతి కోసం తిరగాల్సి రావచ్చు. ఆ తిరుగుడు కంటే ఇదే నయం.

పాత నగరంలో ఉన్నన్నాళ్లూ అక్కడి కోట వైపు తలెత్తి చూసిందే లేదు, ఇప్పుడేమో చుట్టాలొస్తే పనిగట్టుకుని తీసుకెళ్తున్నాం. అమ్మే ఇంకా గొణుగుతోంది, పగలంతా వీధిలో పలకరించే మనిషే కనపడడని. దానికేమైనా ఉపాయం ఉంటే చెప్పండి.