కొల్లేరు మీదుగా రోడ్ బైక్ రూటు: ఏలూరు నుంచా, భీమవరం నుంచా?

బెజవాడ పెడల్:
విజయవాడ నుంచి ముగ్గురం. జనవరిలో ఒకరోజు కొల్లేరు మీదుగా తొక్కాలని ప్లాను, తేదీ ఇంకా ఖాయం చేయలేదు. అనుకున్న రూటు ఇది: పొద్దున్నే ఏలూరు స్టేషన్‌లో దిగి పెదఎడ్లగాడి వంతెన మీదుగా కైకలూరు, అక్కడ ఆటపాక పక్షుల కేంద్రం, ఆలపాడు దగ్గర లోపలికి తిరిగి కొల్లేటికోట, వెనక్కి వచ్చి ఆకివీడు, ఉండి, భీమవరం. అక్కడి నుంచి రైల్లో ఇంటికి. ఇద్దరివి 25 ఎంఎం వెడల్పు టైర్లు, ఒకరిది 28. అడగాల్సినవి మూడు. ఈ దిశ సరైనదేనా? రోడ్డు 25 టైరుకు పనికొస్తుందా? దారిలో పంక్చరైతే ఏం దొరుకుతుంది?

ఉప్పుటేరు గట్టు:
రూటు బాగా వేశారండి. దిశ మాత్రం తిప్పేయండి, భీమవరంలో మొదలుపెట్టి ఏలూరులో ముగించండి.

మొదటి కారణం గాలి. ఈ ప్రాంతమంతా బల్లపరుపు, ఎక్కడానికి వంతెనలు తప్ప ఏమీ లేవు. కష్టమంతా ఎదురుగాలితోనే. చెరువుల మధ్య చెట్టూ ఇల్లూ అడ్డం ఉండవు కాబట్టి మామూలు గాలి కూడా గట్టిగా తగులుతుంది. జనవరిలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. భీమవరం నుంచి కైకలూరుకు మీరు పడమరకు పోతారు, అంటే వెనక నుంచి నెడుతుంది. మధ్యాహ్నం దాటాక ఒక్కోరోజు సముద్రం వైపు నుంచి ఆగ్నేయపు గాలి లేస్తుంది. అప్పటికి మీరు కైకలూరు దాటి ఉత్తరానికి తిరిగి ఉంటారు, అదీ సాయమే. సముద్రపు గాలి లేవని రోజున మాత్రం ఆఖరి భాగంలో కుడి పక్క నుంచి కొడుతుంది, ఒకరి వెనక ఒకరు చేరి తొక్కండి. మీ ప్లాను ప్రకారమైతే కాళ్లు అలిసిన వేళకు ఆకివీడు, భీమవరం మధ్య ఎదురీదాలి.

రెండోది రైళ్లు. ఏలూరు మెయిన్ లైను మీద ఉంది, సాయంత్రం ఆలస్యమైనా విజయవాడకు ఏదో ఒక బండి దొరుకుతుంది. భీమవరం టౌన్ నుంచి గుడివాడ మీదుగా వచ్చే బండ్లు అంత తరచుగా ఉండవు. సైకిల్ రైల్లో వేసి తెచ్చుకోవాల్సి వచ్చినా ఏలూరే నయం. బ్రేక్ వ్యాన్‌లో, అంటే సామాన్ల పెట్టెలో వేయాలంటే పార్సిల్ ఆఫీసులో ముందుగా బుక్ చేయాలి, బండి టైముకు పరిగెత్తుకొస్తే కుదరదు.

భీమవరం నుంచి ఉండి పది కిలోమీటర్ల లోపు, ఆకివీడు ఇరవై పైచిలుకు, కైకలూరు నలభై, ఏలూరు డెబ్బై అయిదు దాకా. కొల్లేటికోట వెళ్లి రావడానికి పదిహేను నుంచి ఇరవై కలుపుకోండి. మొత్తం వందకు కాస్త అటూ ఇటూ. భీమవరం నుంచి కైకలూరు వరకు 165వ నంబరు జాతీయ రహదారి. చేపల లారీలు, మేత లారీలు, ఐస్ బండ్లు అన్నీ దాని మీదే తిరుగుతాయి కాబట్టి ఆ ముక్క పొద్దున్నే అయిపోవడం మంచిది. మంచు పట్టి వంద మీటర్ల అవతలి బండి కనిపించకపోతే బయల్దేరకండి, ఎండ వచ్చేదాకా టీ కొట్టు దగ్గర ఆగండి. వెనక ఎర్ర లైటు పగలంతా వెలుగుతూనే ఉండాలి.

తేదీ విషయం: భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ వద్దు. కోడిపందేలకు వచ్చే కార్లతో భీమవరం, ఉండి, ఆకివీడు రోడ్లు కిక్కిరిసిపోతాయి. ఆదివారం కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి జనం ఎక్కువ, ఆ రోడ్డేమో ఇరుకు. మామూలు రోజు చూసుకోండి.

నల్లరేగడి:
రోడ్డు సంగతి నేను చెబుతాను. 25 ఎంఎంతో తొక్కలేరని అనను కానీ ఫ్రేములో పడితే 28 వేసుకోండి, 32 పడితే ఇంకా మంచిది.

ఇక్కడి రోడ్డు కింద ఉన్నది కొల్లేటి నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. గట్టు అంచు ముందు ఆరుతుంది, నడిమి భాగం తడిగానే ఉంటుంది, దాంతో అంచుకు రెండు మూడడుగుల లోపల రోడ్డు పొడుగునా నెర్రె విచ్చుతుంది. అడ్డంగా ఉన్న గుంత ముందే కనిపిస్తుంది, పొడుగు నెర్రె కనిపించదు. సన్నటి టైరు అందులో దిగిందంటే హ్యాండిల్ తిరగదు, మనిషి పక్కకు పడతాడు. కాబట్టి తారు అంచు పట్టుకుని పోవద్దు, రెండు మూడడుగులు లోపలికి తొక్కండి. నెర్రె దాటాల్సి వస్తే వీలైనంత అడ్డంగా కోయండి. రెండో చోటు కల్వర్టులు. కాంక్రీటు కదలదు, దానికి ఆనుకున్న మట్టి కుంగుతుంది, అక్కడ మెట్టు పడుతుంది. టైర్లు పంక్చరయ్యేది, రిమ్ములు నొక్కుకుపోయేది ఎక్కువగా ఇక్కడే. సీటు మీంచి లేచి, మోచేతులు వదులు చేసి దాటండి.

పెదఎడ్లగాడి, చినఎడ్లగాడి వంతెనల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు ఉప్పుటేరులో పడి సముద్రానికి పోవాలి, అరవై కిలోమీటర్ల పొడుగున ఉన్న ఆ ఒక్క దారే వాటికి దిక్కు. సముద్రం పోటు మీదుంటే అదీ నెమ్మదిస్తుంది. అందుకే వానలు ఆగిన తర్వాత కూడా ఇక్కడ నీళ్లు రోడ్డెక్కుతాయి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో రాకపోకలు ఆపేశారు. జనవరికి నీళ్లు ఉండవు, వరద కోసిన చోట పోసిన కంకర, పూడ్చిన గుంతలు ఉంటాయి.

కోతల మిగులు కూడా చూసుకోండి. ఆరబోసిన ధాన్యం సగం రోడ్డు ఆక్రమిస్తుంది, అంచుకు రాళ్లు పేర్చి ఉంటాయి. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనపడవు. ధాన్యం మీద నుంచి మాత్రం తొక్కకండి, అది ఒకరి పంట, పైగా గింజల మీద టైరు జారుతుంది. చేపల లారీల నుంచి కారే ఐస్ నీళ్లలో జిగురుంటుంది, మలుపుల దగ్గర నల్లటి తడి చార కనిపిస్తే బ్రేకు ముందే వేసేసి నిటారుగా దాటండి.

బెజవాడ పెడల్:
దిశ మార్చేశాం, ధన్యవాదాలండి. ఇంకొక్కటి. మ్యాపులో కొల్లేటికోట నుంచి లంకల మీదుగా నేరుగా ఉత్తరానికి గట్టు దారులు చూపిస్తోంది. మళ్లీ ఆలపాడు రాకుండా అలా ఏలూరు పోవచ్చా?

ఉప్పుటేరు గట్టు:
వద్దు. ఉపగ్రహ చిత్రంలో చెరువు గట్టుకూ రోడ్డుకూ తేడా తెలియదు. తీరా పోయాక తూము దగ్గరో, కాలువ దగ్గరో దారి ఆగిపోతుంది, వెనక్కి రావాల్సిందే. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలంతా 1999 నుంచి అభయారణ్యం, రోడ్డు వేయాలన్నా అటవీ అనుమతి కావాలి, అందుకే లంక ఊళ్లకు ఇంకా కొన్ని కంకర దారులే. చెరువు మకాంల దగ్గర కుక్కలు వదిలి ఉంటాయి. చీకటి వేళ గట్టు మీద కొత్త మనిషి కనిపిస్తే చేపల దొంగ అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఆ గట్ల మీద పోగొట్టుకునే టైమేదో ఆటపాకలో పెట్టండి. గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే కాలం, ఎండ ముదరకముందు చేరితే బాగా కనిపిస్తాయి.

స్పోకు సుబ్బారాయుడు:
పంక్చర్ల గురించి ఎవరూ చెప్పలేదు. గట్ల వెంట సర్కారు తుమ్మ. ముల్లు గుచ్చుకున్నా గాలి వెంటనే దిగదు, ముల్లే బిరడాలా ఆపుతుంది. కాబట్టి ఆగిన ప్రతిచోటా టైరు మీద వేలు తిప్పి చూడండి. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి వైపు గుడ్డతో తుడవండి, గుడ్డ తగులుకున్న చోట ముల్లు మొన ఉన్నట్టు. ట్యూబులో పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తే అది ముల్లు కాదు, గాలి తక్కువై కల్వర్టు అంచుకు రిమ్ము నొక్కింది.

టైర్లో గాలి ఒత్తిడి, డెబ్బై కిలోల మనిషికి 25 ఎంఎం అయితే ముందు 80, వెనక 85 పీఎస్ఐ. 28కి 62, 67 చాలు. రోడ్డు బాగాలేదని ఇంకా తగ్గించకండి, ఇక్కడి కల్వర్టు మెట్లకు రిమ్ము పోతుంది.

మనిషికి రెండు ట్యూబులు, ముగ్గురికీ కలిపి ఒక ప్యాచ్ డబ్బా, టైరు పక్క చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క, టైరు ఊడదీయడానికి రెండు లివర్లు, చేతి పంపు. గాలి నింపే చిన్న గ్యాస్ సిలిండర్ ఒక్కటే నమ్ముకోవద్దు. కైకలూరులో, ఆకివీడులో 700సీ (రోడ్ బైక్ సైజు) ట్యూబు దొరుకుతుందన్న ధీమా కూడా వద్దు. ఊళ్లలో సైకిల్ షాపు పంపు మామూలు సైకిల్ వాల్వుకు, లారీ పంక్చర్ షాపు కంప్రెసర్ కారు వాల్వుకు సరిపోతాయి. మీ సన్న వాల్వుకు అవి నేరుగా పట్టకపోవచ్చు. ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకు బిగించుకుని వస్తే లారీ షాపులో గాలి కొట్టించుకోవచ్చు. కొట్టేటప్పుడు ఒక్కో క్షణం చొప్పున ఆపి ఆపి కొట్టమనండి, ఆ కంప్రెసర్ ఒత్తిడికి సన్న ట్యూబు రెప్పపాటులో పేలుతుంది.

నీళ్లు మనిషికి రెండు సీసాలు. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, మినరల్ వాటర్ ప్లాంటు దగ్గరే నింపుకోండి. తడి నల్లమట్టిలో దిగాల్సి వస్తే తొక్కకండి, భుజానికెత్తి దాటండి. నాలుగు చుట్లకే బ్రేకుకూ టైరుకూ మధ్య మట్టి బిగిసి చక్రం ఆగిపోతుంది, బలవంతంగా తిప్పితే వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే హుక్ విరుగుతుంది. ఆ హుక్ ఫ్రేముకొక రకం, మీ మూడు సైకిళ్లవీ ఒక్కొక్కటి ఇంటి నుంచే తెచ్చుకోండి.