నాన్నగారి పని జ్ఞాపకాలను ఎలా రాబట్టాలి?

ప్రశ్న (మధురవాడ, విశాఖపట్నం)

మా నాన్నగారు అనకాపల్లి దగ్గర శారదా నది ఒడ్డున ఉన్న ఒక పల్లెలో పుట్టారు. ఎనభై దాటిన ఆయన ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. గేదె తోక పట్టుకుని వరదలో ఏరు దాటడం, ముంజకాయలతో బండ్లు చేసి పుంతలో పందేలు వేయడం, కనుమ నాడు బొజ్జన్నకొండ తీర్థంలో చీకటి గుహలో దాక్కుని తోటి గుంటలను హడలెత్తించడం వంటివి మనవలకు ఎన్నిసార్లయినా చెబుతారు. కానీ చెరకు తోటల్లో, బెల్లం గానుగ దగ్గర ఏళ్ల తరబడి చేసిన పని గురించి అడిగితే మాత్రం “అందరూ చేసిందే నేనూ చేశాను, చెప్పడానికేముంది” అని మాట మార్చేస్తారు. మమ్మల్ని చదివించింది ఆ పనే కనుక, దాని ఊసు లేకుండా ఆయన కథ రాయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఎలా అడిగితే చెబుతారు?

జవాబు (అనకాపల్లి)

మాది బెల్లం వండిన కుటుంబం. “మీ జీవితం ఎలా గడిచింది” అంటే ఆ తరం వారు నోరు విప్పరు. పొయ్యి దగ్గర నుంచి మొదలుపెట్టండి. పిప్పి ఎవరు ఎగదోసేవారు? రసానికి సున్నం ఎంత కలిపేవారు? తెట్టు తీయడానికి బెండ మొక్కల జిగురు వాడేవారా? పాకం ముదిరిందో లేదో నీళ్లలో వేసి చూసేవారా, పొంగు చూసే చెప్పేసేవారా? మంట ఒక్క క్షణం ఎక్కువైనా పాకం మాడి, బెల్లం రంగు నల్లబడి, మార్కెట్లో ధర పడిపోతుంది. అంటే ఏడాది పంట విలువ ఆ చివరి కొద్ది నిమిషాల్లో, వండేవాడి కంటిచూపు మీద తేలేది. అది ఎంతటి నేర్పో మీ నాన్నగారికి తెలుసు. దాన్ని ఒక నేర్పుగా గుర్తించి ఎవరూ ఇంతవరకూ అడిగి ఉండరు. వీలైతే ఒక ఉదయం బెల్లం మార్కెట్‌కు తీసుకువెళ్లి, దిమ్మల వరుస ముందు నిలబెట్టి, ఏది మంచి సరుకో చెప్పమనండి.

జవాబు (చోడవరం)

పైన చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. సంవత్సరం ఏదని అడగవద్దు, గుర్తుండదు. కూలి అణాల్లో ఇచ్చేవారా, నయాపైసల్లో ఇచ్చేవారా అని అడగండి. నయాపైసలు 1957లో వచ్చాయి. బెల్లం మణుగుల్లో తూచేవారంటే కిలోలు వాడుకలోకి రాకముందు మాట. విశాఖ ఉక్కు ఉద్యమం 1966లో జరిగింది, ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన 1971లో అయింది. అప్పటికి గానుగ ఎడ్లతో తిరిగేదా, ఇంజనుతోనా అంటే చప్పున చెప్పేస్తారు.

జవాబు (భీమునిపట్నం)

నా అభిప్రాయం కొంచెం వేరు. సాహసాలు ఒక అధ్యాయం, పని ఇంకో అధ్యాయం అని మీరు విడదీస్తున్నారు గాని, ఆయన మనసులో అవి విడిగా లేవేమో చూడండి. వరదలో ఆ పిల్లవాడు గేదెలతో ఎందుకు ఉన్నాడు? ఆ గేదెలు ఎవరివి? అది బడి వేళ కాదా? మనవలు నవ్వుకునే ఆ కథలోనే బహుశా ఆయన మొదటి ఉద్యోగం ఉంది. కాబట్టి ఆయన ఇష్టంగా చెప్పే కథనే మళ్లీ చెప్పించుకుని, మధ్యలో ఇలాంటి చిన్న ప్రశ్న ఒక్కటి వేసి ఊరుకోండి. ఆయన మౌనంగా ఉంటే తొందరపెట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గేదెలు ఎవరివని నిన్న రాత్రి అడిగాను. అవి మావి కావట. తాతగారు చనిపోయిన ఏడాదే నాన్నగారిని ఒక రైతు ఇంట కంబారిగా (పాలేరుగా) పెట్టారట; జీతం ఏడాదికోసారి ధాన్యంగా కొలిచేవారట. ఏరు దాటింది ఆట కోసం కాదు, ఒక్క గేదె కొట్టుకుపోయినా ఆ ధాన్యం లోంచి కోస్తారన్న భయంతోనట. ఇన్నేళ్లలో ఈ మాట మాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత గానుగ దగ్గరకు ఎలా చేరారో ఆయనే చెప్పుకుంటూ పోయారు, నేను ఫోన్‌లో రికార్డు చేశాను. ఊళ్లో ఉన్న మా మేనత్తగారికి ఆ రోజులు ఇంకా బాగా గుర్తున్నాయని అంటున్నారు కనుక, వచ్చే ఆదివారం ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడతాను.