షష్టిపూర్తి రోజు రాత్రి భోజనానికి పిల్లలు లేకుండా వెళ్లాలని వదినకు ఎలా చెప్పాలి?

మాది నెల్లూరు. వచ్చే నెల నాన్న షష్టిపూర్తి. పొద్దున మూలాపేట గుడిలో పూజ, మధ్యాహ్నం భోజనాలు, పిల్లలతో సహా అందరం ఉంటాం. రాత్రికి మాత్రం అమ్మానాన్నలతో పెద్దవాళ్లమే ఏదైనా హోటల్లో తీరిగ్గా కూర్చోవాలని నా కోరిక.

నాన్నకు ఒక చెవి సరిగా వినపడదు. అందరం కలిసినప్పుడు ఆయన ఏదో చెప్పబోతారు, పిల్లల గోలలో ఎవరికీ వినపడదు. ఇక ఆపేసి, తలొంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండిపోతారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మనవళ్లంటే ఆయనకు ప్రాణమే, కానీ ఆ ఒక్క పూటైనా ఆయన మాట వినాలి కదా.

పిల్లల్ని పిన్ని చూసుకుంటానంది, అన్నం తినిపించి పడుకోబెడుతుంది. ఇబ్బందల్లా వదినతోనే. ఒంగోలు నుంచి మూడేళ్ల బాబుతో వస్తోంది, వాడు తల్లిని వదిలి ఉండడు. తన బిడ్డే అడ్డమయ్యాడని బాధపడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

నేనే ఫోన్ చేసి చెప్పనా, అన్నయ్యతో చెప్పించనా? వాడొక్కడినీ తీసుకెళ్తే మిగతా పిల్లలు అలగరా? మీ ఇళ్లలో ఇలా చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.