వారం వారం మీటింగ్ ఉండాలా, నెలకి రెండు చాలా? పర్లాకిమిడి క్లబ్‌లో ఓటింగ్

రైల్వేగేటు:
ఈ గురువారం రానివాళ్ళ కోసం ముందు వార్తలు. సగం కుర్చీలు ఖాళీ. పోయినవారం మినిట్స్ చదివారు, ఇద్దరికి పుట్టినరోజు శాలువాలు కప్పారు, ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసే మన సభ్యుడు రక్తదానం గురించి మాట్లాడారు (ఇది మాత్రం బాగుంది, కునికిపాట్లు పడేవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు), తర్వాత దహిబరా ఆలూదమ్, టీ. అసలు సంగతి అందరూ చెప్పులు వేసుకునే టైముకి వచ్చింది. వచ్చే నెల నుంచి నెలకి రెండుసార్లే కలుద్దామని కమిటీ ప్రతిపాదన, వచ్చే గురువారం ఓటింగ్. మనది సేవా క్లబ్బే, అంతర్జాతీయ సేవా సంస్థ రోటరీకి శాఖ కాదు గానీ రూల్స్ పుస్తకం అప్పట్లో అక్కణ్ణుంచి దించుకున్నదే కాబట్టి అందులో వారం మీటింగ్ తప్పనిసరి అని ఉంది, మార్చాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. నా మట్టుకు నెలకి రెండు చాలు. హాలు అద్దె, టిఫిన్లు, శాలువాలు ఏడాదికి లెక్కేస్తే ఒక కంటి శిబిరం డబ్బులు అక్కడే పోతున్నాయి. మీరేమంటారు?

పాత సెక్రటరీ:
బాబూ, డబ్బు మిగులుతుంది సరే, మనుషులు మిగలరు. గురువారం అలవాటు ఒకసారి తప్పితే ఆ సభ్యుణ్ణి మళ్ళీ చూసేది పెళ్ళిళ్ళలోనే. పల్స్ పోలియో రోజులు నీకు తెలియవు. 1995లో మొదలైనప్పటి నుంచీ ఏ బూత్‌లో ఎవరు కూర్చోవాలి, కొండమీద సవర గూడేలకి ఎవరి జీపు వెళ్ళాలి, ఐస్ డబ్బాలు ఎవరు మోయాలి, ఇవన్నీ గురువారం రాత్రి పది నిమిషాల్లో తేలిపోయేవి. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది, 2014 మార్చిలో మనకి పోలియో రహిత సర్టిఫికెట్ వచ్చింది. అందులో మన వాటా చిన్నదే, కాదనను, కానీ ఆ చిన్న వాటా అయినా వారం వారం కలిసేవాళ్ళు చేసిందే. రోటరీ అంతటి సంస్థ వారం మీటింగ్ వదల్లేదు, మనం వదులుదామా?

గుణుపురం ప్యాసింజర్:
మాస్టారూ, ఆ చివరి మాట ఒప్పుకోను. రోటరీ వాళ్ళే 2016లో రూల్ సడలించారు, క్లబ్ నెలకి కనీసం రెండుసార్లు కలిస్తే చాలు, మిగతాది వాళ్ళ ఇష్టం. మనం దించుకున్న పుస్తకం అంతకుముందుది, అక్కడ మార్చుకున్నారు, ఇక్కడ మనం పట్టుకు వేలాడుతున్నాం. ఇంకోటి, గురువారం నేను బండి దిగి ఇంటికి వెళ్ళి మొహం కడుక్కుని హాలుకి వచ్చేసరికి మినిట్స్ అయిపోయి ఉంటాయి, లేటని పది రూపాయలు ఫైన్. పది రూపాయలు పెద్ద విషయం కాదు, కానీ అందరి ముందు నిలబెట్టి నవ్వుతారు చూడండి, అందుకే కుర్రాళ్ళు రావడం మానేశారు. పని ఉన్నప్పుడు పిలవండి, వస్తాం. బరంపురం పెద్దాసుపత్రిలో మన ఊరి పేషెంట్‌కి రక్తం కావాలంటే రాత్రికి రాత్రి వెళ్ళింది మా బ్యాచే కదా.

రాయగడ కోడలు:
మీటింగ్ ఎన్నిసార్లు అన్నది తర్వాత, ఎన్నింటికి అన్నది ఎవరైనా మాట్లాడతారా? రాత్రి ఎనిమిదిన్నరకి మొదలుపెట్టి పదింటికి వదిలితే ఇంట్లో చిన్నపిల్లలున్న ఆడవాళ్ళు ఎలా వస్తారు? రోటరీ పేరు ఎత్తారు గనక చెబుతున్నా, ఆడవాళ్ళని ప్రపంచమంతా చేర్చుకోడానికి వాళ్ళకి 1989 దాకా పట్టింది. మనం చేర్చుకున్నాం, రాలేని టైము పెట్టాం. అద్దె సంగతి కూడా. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో వాళ్ళ మొట్టమొదటి మీటింగ్‌కి వచ్చింది నలుగురు, కూర్చుంది వాళ్ళలో ఒకాయన ఆఫీసు గదిలో. తర్వాత కూడా కొన్నాళ్ళు వంతులవారీగా ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో కలిశారు. మనకి ఏసీ హాలు ఎందుకండీ? ఎవరో ఒకరి షాపులో సాయంత్రం ఆరున్నరకి కూర్చుంటే సరిపోదా?

జీడితోట:
మీటింగులు తగ్గిస్తే పని పెరుగుతుందని ఎవరు చెప్పారో వాళ్ళకి శాలువా కప్పాలి.

గుణుపురం ప్యాసింజర్:
హహ. మీటింగులు పెంచితే పెరిగిందా అన్నయ్యా?

ల్యాబ్ కోటు:
మొన్న మాట్లాడింది నేనే. అక్కడ టైము చాలక వదిలేసింది ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ ఓటు దానికి సంబంధించిందే. మనం ఏటా ఆగస్టు 15న మెగా క్యాంప్ పెడతాం, ఫొటోలు వస్తాయి, అందరికీ సంతోషం. కానీ ఎర్రకణాల సంచి ఫ్రిజ్‌లో పెట్టినా 35 రోజులు, ఇంకో రకం ద్రావణం కలిపితే 42 రోజులు, అంతే. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లయితే 5 రోజులు. ఆగస్టులో పొంగిపొర్లిన రక్తం దసరాకి ఉండదు. థలసీమియా (పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని జబ్బు) పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాలి, మన కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) కేసులు వేరే ఉన్నాయి, వాళ్ళు మన క్యాంప్ తేదీ చూసుకుని జబ్బు పడరు. కావాల్సింది వారానికి కొద్దిమంది చొప్పున ఏడాది పొడుగునా వచ్చే దాతలు. మగవాళ్ళు 3 నెలలకోసారి, ఆడవాళ్ళు 4 నెలలకోసారి ఇవ్వొచ్చు. హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి.

ఇప్పుడు మన రక్తదాతల రిజిస్టర్ గురించి. పొడుగు నోట్‌బుక్, ఎర్ర అట్ట, మాస్టారి దగ్గర ఉంటుంది. ఒడియా సభ్యులు రాసిన పేర్లు ఒడియాలో, మనవాళ్ళు రాసినవి తెలుగులో, ఫోన్ నంబర్లకి మాత్రం భాష గొడవ లేదు. గురువారం టీ తాగుతూ ఎవరో ఒకరు అది తెరిచి, ఫలానా ఆయనకి మూడు నెలలు నిండాయి, ఫోన్ చెయ్యి అనేవారు. పక్కవాడు అక్కడే ఫోన్ కొట్టేవాడు. నంబర్ కలవకపోతే కొట్టేసి కొత్తది రాసేవాళ్ళు. ఈ మధ్య శాలువాలకీ స్పీచ్‌లకీ టైము సరిపోతోంది, రిజిస్టర్ సంచిలోంచి బయటికి రావడం లేదు. చివరి పేజీల్లో సగం నంబర్లు మూగబోయాయి. కాబట్టి నాకు వారం మీటింగ్ కావాలి, కానీ ఇప్పుడు జరుగుతున్న ఈ మీటింగ్ కాదు.

గుణుపురం ప్యాసింజర్:
దానికి వాట్సాప్ గ్రూపు చాలదా? మూడు నెలలకి గుర్తుచేసేలా ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు.

ల్యాబ్ కోటు:
తమ్ముడూ, ‘అర్జంట్, బి నెగెటివ్ కావాలి’ అని పోయినేడాది పెట్టిన మెసేజ్ ఇప్పటికీ మన గ్రూపుల్లో తిరుగుతోంది. ఆ పేషెంట్ ఎప్పుడో డిశ్చార్జ్ అయ్యాడు, వాళ్ళ వాళ్ళకి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. గ్రూపులో అడిగితే నమస్కారం బొమ్మలు వస్తాయి, మనిషి రాడు. ఎదురుగా కూర్చుని ఫోన్ చేస్తే తప్పించుకోలేరు. ఫోన్‌లో గుర్తుచేసే ఏర్పాటు బాగుంది, అది నువ్వే చెయ్యి, రిజిస్టర్‌ని తీసెయ్యకు.

పాత సెక్రటరీ:
చూశారా, నేను చెప్పిందీ అదే.

రాయగడ కోడలు:
అదే కాదండీ. ఆయన పని గురించి చెప్పారు, మీరు హాజరు గురించి చెప్పారు. మీ హయాంలో హాజరు శాతం బోర్డు మీద రాసేవారని మా మావగారు ఇప్పటికీ చెబుతారు, ఎంతమందికి కంటి ఆపరేషన్ చేయించారో రాసినట్టు మాత్రం చెప్పరు.

పాత సెక్రటరీ:
అమ్మా, అది రాయాల్సిందే, ఒప్పుకుంటాను. హాజరు బోర్డు మాత్రం మంచిదే.

జీడితోట:
సరిహద్దు దాటి ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చే మాకు బోర్డు మీద పేరు ఆంధ్రా కింద రాస్తారా, ఒడిశా కిందా?

రైల్వేగేటు:
జోకులు పక్కన పెట్టండి. పొద్దున్న నేను రాసినట్టు అవును, కాదు అని ఓటు పెడితే వీగిపోతుంది, ఆ రెండు వంతులు ఎటూ రావు. అందుకని ప్రతిపాదన ఇలా మార్చి కమిటీకి ఇస్తున్నా. హాల్లో సభ నెలకి రెండుసార్లు, స్పీకర్, టిఫిన్ అన్నీ అప్పుడే. మిగతా గురువారాలు సాయంత్రం ఆరున్నరకి ఎవరో ఒక సభ్యుడి షాపులో అరగంట, రిజిస్టరూ ఆగిపోయిన పనులూ తప్ప వేరే మాట లేదు, శాలువా అసలే లేదు. రెండింటికీ విడివిడిగా ఓటు. ఫైన్ తీసెయ్యాలన్నది మూడో అంశం.

గుణుపురం ప్యాసింజర్:
మూడోది ముందు పెట్టండి, మా బ్యాచ్ అంతా వస్తుంది.

రాయగడ కోడలు:
మొదటి అరగంటకి మా బట్టల షాపు ఇస్తాను. టీ మాత్రమే, దహిబరా అడగొద్దు.

పాత సెక్రటరీ:
రెండు సభలకి నా ఓటు వ్యతిరేకమే, ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత అలిగానని అనుకోవద్దు. అరగంట దానికి అనుకూలం. రిజిస్టర్ గురువారం తెస్తాను.

ల్యాబ్ కోటు:
పాత రిజిస్టర్ కూడా తెండి మాస్టారూ. నెగెటివ్ గ్రూపుల వాళ్ళ పేజీ అందులోనే ఉండిపోయింది, కొత్తదాంట్లోకి ఎవరూ ఎక్కించలేదు.