పాత రిసీవర్‌లో ఎఫ్‌ఎం స్టీరియో దీపం పోయింది: 6.3 వోల్టుల బల్బు పెట్టవచ్చా?

ప్రశ్న:
మా నాన్నగారు కువైట్‌లో పనిచేసే రోజుల్లో కొని తెచ్చిన 1970ల నాటి జపాన్ రిసీవర్ మా ఇంట్లో ఇప్పటికీ పాడుతోంది. డయల్ వెనుక దీపాలన్నీ వెలుగుతున్నాయి కానీ, ఎఫ్‌ఎం స్టీరియో వచ్చినప్పుడు వెలగవలసిన చిన్న ఎర్ర దీపం మాత్రం వెలగడం లేదు. ధ్వనిలో ఏ లోపమూ లేదు. బల్బు విప్పి మీటరుతో చూస్తే ఫిలమెంటు తెగిందని తేలింది. కోఠి గుజరాతీ గల్లీలో అదే పరిమాణంలో 6.3 వోల్టుల, 0.3 ఆంపియర్ల బల్బు దొరికింది. ఇది పెట్టవచ్చా, లేక ఎల్‌ఈడీ మేలా?

మొదటి సమాధానం:
దయచేసి ఆ బల్బు పెట్టకండి. డయల్ దీపాలకు కరెంటు సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా వస్తుంది కనుక అక్కడ పొరపాటు జరిగితే ఎక్కువగా బల్బే పోతుంది. స్టీరియో దీపం అలాంటిది కాదు. ప్రసారం స్టీరియోలో ఉందని తెలిపే 19 కిలోహెర్ట్జ్ పైలట్ సంకేతాన్ని డీకోడర్ ఐసీ (ఎడమ, కుడి శబ్దాలను వేరుచేసే చిప్) గుర్తించినప్పుడు, దాని లోపలి చిన్న ట్రాన్సిస్టరే ఈ దీపాన్ని వెలిగిస్తుంది. ఆ కాలంలో విరివిగా వాడిన ఎంసీ 1310 ఐసీ 75 మిల్లీ ఆంపియర్ల దీపం వరకే నడపగలదు. మీరు కొన్నది 300 మిల్లీ ఆంపియర్లది. పైగా చల్లని ఫిలమెంటు నిరోధం వేడెక్కినప్పటి దానిలో సుమారు పదో వంతే ఉంటుంది కనుక, వెలిగే తొలి క్షణంలో ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఐసీ కాలితే స్టీరియో శబ్దమే పోవచ్చు. సర్వీస్ మాన్యువల్‌లో ఆ దీపానికి రాసిన వోల్టులు, మిల్లీ ఆంపియర్లు రెండూ చూసి కొనండి. సాకెట్‌లో పట్టడం ఒక్కటే కొలత కాదు.

రెండో సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. ఇక్కడ డీసీ ఉంటుంది కనుక ఎల్‌ఈడీ కూడా పనిచేస్తుంది. సరఫరా 12 వోల్టులైతే, ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు పోగా మిగిలిన 10 వోల్టులకు వరుసలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 10 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. పొడవు కాలు సరఫరా వైపు, పొట్టి కాలు ఐసీ వైపు ఉండాలి. కొన్ని సెట్లలో ఫిలమెంటును కాస్త వెచ్చగా ఉంచడానికి చిన్న కరెంటు ఎప్పుడూ వదులుతారు. అలాంటి చోట మోనోలోనూ (స్టీరియో కాని ప్రసారంలోనూ) ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది. అందుకే అసలు రకం బల్బు దొరికితే అదే మేలని నా అభిప్రాయం.

మూడో సమాధానం:
ప్లగ్ తీసి, కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తు ఖాళీ అయ్యేదాకా ఆగి పని మొదలుపెట్టండి. డయల్ తాడు చేతికి తగలకుండా చూసుకోండి. అది జారితే తిరిగి చుట్టడానికి ఒక పూట పడుతుంది. డయల్ గాజు లోపలి వైపు స్పిరిట్‌తో తుడవకండి, అంకెలు చెరిగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మాన్యువల్‌లో 12 వోల్టులు, 40 మిల్లీ ఆంపియర్లు అని ఉంది. అదే విలువల, తీగలున్న బల్బు మళ్లీ కోఠిలోనే దొరికింది. పాత తీగలకు టంకం వేసి, అతుకులపై వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. ఇప్పుడు స్టీరియో ప్రసారం అందగానే వెలుగుతోంది, స్టేషన్ల మధ్య ముల్లు తిప్పితే ఆరిపోతోంది.