క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ వంటి) పాత్రలున్న కుటుంబ నవలలు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. సచిన్ కుండల్కర్ మరాఠీ నవల 'కోబాల్ట్ బ్లూ'ని జెర్రీ పింటో ఇంగ్లీషు అనువాదంలో చదివాను. పుణెలో ఒక మధ్యతరగతి ఇల్లు. పేయింగ్ గెస్ట్‌గా దిగిన కుర్రాడిని అన్న తనయ్, చెల్లెలు అనూజ ఇద్దరూ ప్రేమిస్తారు. అతనికి పేరే ఉండదు. మొదటి సగమంతా తనయ్ అతన్ని 'నువ్వు' అంటూ మాట్లాడుకుపోతాడు, రెండో సగం అనూజ డైరీ. చెల్లెలు దెబ్బతిన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, అన్న మాత్రం అదే ఇంట్లో నోరు విప్పలేడు. చదివాక చాలాసేపు మనసు కుదుటపడలేదు.

ఇలాంటివి ఇంకా కావాలి, ముఖ్యంగా తెలుగులో. పి. సత్యవతి గారు అనువదించిన రేవతి గారి 'ఒక హిజ్రా ఆత్మకథ' చదివాను. గొప్ప పుస్తకం, కానీ ఇప్పుడు నేను వెతుకుతున్నది కథలూ నవలలూ. 'అమ్మా, నేను గే' అని చెప్పడంతో అయిపోయేవి వద్దు. ఆ తర్వాత ఏమవుతుందో కావాలి: పెళ్లిచూపుల ఒత్తిడి, ఆస్తి పంపకాలు, విడిపోయినా వదలని పాత ప్రేమలు. క్వీర్ పాత్రలు దేవతల్లా ఉండక్కర్లేదు, అబద్ధాలాడినా, అసూయపడినా నాకిష్టమే. చివర్లో చంపేసే కథలు మాత్రం వద్దండీ.

ఇంకో కారణం కూడా ఉంది. మా అత్తయ్యకి కొడుకు విషయం ఈమధ్యే తెలిసింది. ఆవిడ నవలలు బాగా చదువుతారు, కానీ తెలుగు తప్ప చదవలేరు. ఆవిడ చేతిలో పెట్టదగ్గ పుస్తకం ఏదైనా ఉంటే, అనువాదమైనా సరే, ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి.